ఒక్కదాన్నే న్యూజిలాండ్ ఎల్లి రైతుల ఇళ్ళల్లో ఉండాలని ఉంది, ఏజెంటు చెప్పింది నమ్మొచ్చా?

ఉద్దానం_గుంట
మాది కవిటి దగ్గర పల్లె. నైరాలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి ఇప్పుడు వైజాగ్‌లో విత్తనాల కంపెనీలో పని చేస్తన్నాను. ఒక్కదాన్నే న్యూజిలాండ్ ఎల్లి అక్కడ రైతుల ఇళ్ళల్లో ఉండి వాళ్ళ సేద్యం, పశువుల పని దగ్గరుండి చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. సిటీలు, సెల్ఫీ స్పాట్లు నాకక్కర్లేదు. 2018 తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోటలో సగం పైగా పడిపోయింది, మళ్ళీ ఏసిన మొక్కలు కాపుకొచ్చీదాకా ఇల్లు నడపడానికి మా నాన్న పడిన అవస్థ నేను చూశాను. అక్కడ రైతులు చాలామంది పంటతో పాటు ఇంట్లో ఒక గది అతిథులకి ఇచ్చి కూడా సంపాదిస్తారంట. అది మన ఉద్దానంలో ఎందుకు జరగదు అన్నది నా ప్రశ్న, అందుకే ఎల్లాలి.

ఇప్పుడు సమస్య ఏటంటే వైజాగ్‌లో ఒక ఏజెంటు దగ్గరికి ఎల్తే "విజిటర్ వీసా మీద ఎల్లిపో, రైతు దగ్గర రోజుకి ఐదారు గంటలు పని చెయ్యి, తిండీ పడకా ఫ్రీ, జీతం తీసుకోవు కాబట్టి అది పని కిందికి రాదు, ఎయిర్‌పోర్టులో మాత్రం ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పు" అన్నాడు. దానికి 1,25,000 అడుగుతున్నాడు. ఇది నిజమేనా? ఇంట్లో అమ్మయితే ఒక్కదానివే ఎలగెల్తావు అని వారం నుంచి మాట్లాడ్డం మానేసింది. ఎల్లినోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పలాస_జీడిపిక్క
"ఎయిర్‌పోర్టులో ఇలగ చెప్పు" అన్నాడంటేనే తెలిసిపోలేదేటి చెల్లీ. కుర్చీలోంచి లేచి వచ్చీ.

సాలూరు_సంత
1,25,000 దేనికంట? ఫారం నింపడానికా? ఆ అప్లికేషను ఆన్‌లైన్లో మనమే పెట్టుకోవచ్చు.

నాగావళి_గట్టు
మాది ఆమదాలవలస, ఉండీది హామిల్టన్ దగ్గర, వైకాటోలో. ఒక డెయిరీలో వర్క్ వీసా మీద పని చేస్తన్నాను, కాబట్టి ఈ సంగతి కొంచెం గట్టిగానే చెప్పగలను. ఏజెంటు చెప్పింది తప్పు. ఇక్కడి ఇమిగ్రేషను లెక్కలో జీతం ఒక్కటే కాదు, పనికి బదులుగా తిండి పెట్టినా పడక ఇచ్చినా అది ప్రతిఫలమే, అంటే అది పనే. విజిటర్ వీసా మీద ఎల్లి రైతు దగ్గర డ్యూటీ చేసి దానికి బదులు గది తీసుకుంటే రూలు తప్పినట్టే. పట్టుకుంటే ఆ ట్రిప్పుతో పోదు, రేపు ఏ దేశం వీసా ఫారంలోనైనా "నిన్ను ఎక్కడైనా ఆపేశారా, పంపించేశారా" అని ఒక ప్రశ్న ఉంటుంది, అక్కడ జీవితాంతం అవునని రాసుకోవాలి. ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు, నీ పేరే ఉంటుంది.

2025 జనవరి నుంచి విజిటర్ వీసాలో ఉండి కూడా మన దేశపు కంపెనీ పని లాప్‌టాప్‌లో చేసుకోనిస్తున్నారు. అది చూపించి "పని చెయ్యనిస్తున్నారుగా" అనే ఏజెంట్లు తయారయ్యారు. అది బయటిదేశం ఆఫీసు పని మాత్రమే, ఇక్కడి రైతు దగ్గర పనికి వర్తించదు.

వర్కింగ్ హాలిడే వీసా అని ఒకటుంది, దానిమీద అయితే పొలం పని చేసుకోవచ్చు, ఏ దేశాల వాళ్ళకి ఇస్తారో ఎంతమందికి ఇస్తారో ఇమిగ్రేషన్ న్యూజిలాండ్ సైట్లోనే ఉంటుంది, అప్లై చేసే రోజున చూడు. ఏజెంటుని అడక్కు, సైటుని అడుగు.

టెక్కలి_మేస్టారు
అమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నీ ఆలోచన మంచిదే, నేను కాదనను. కానీ పరాయి దేశంలో, ఊరికి దూరంగా, మైళ్ళ కొద్దీ మనిషి కనబడని పొలంలో, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఒక్క ఆడపిల్ల. మీ అమ్మగారి భయం అర్థం లేనిది కాదు. మన జిల్లాలో గల్ఫ్ ఏజెంట్ల మాట నమ్మి పాస్‌పోర్టు ఎవరి చేతికో ఇచ్చేసి ఎడారిలో గొర్రెలు కాచి వచ్చిన కుర్రాళ్ళకి నేను పాఠం చెప్పాను, వాళ్ళ ఇళ్ళు చూశాను. ఏదైనా గుంపుతో ఎల్లు.

బొబ్బిలి_కోట
మేస్టారూ గుంపుతో ఎల్తే రైతు ఇల్లు కనబడదు, బస్సు అద్దంలోంచి గొర్రెలు కనబడతాయి.

నేను ఎల్లాను, ఒక్కదాన్నే. సౌత్ ఐలాండ్‌లో కాంటర్బరీ వైపు, ఒక గొర్రెల ఫారంలో డబ్బు కట్టి ఉన్నాను. ఉద్దానం_గుంట అడిగినదానికి జవాబు నా ఉద్దేశంలో ఇదే, పని చేసి ఉండక్కర్లేదు, గదికి డబ్బు కట్టి అతిథిగా ఉండు. విజిటర్ వీసాకి అది సరిపోతుంది. పొలం చూపిస్తారు, మాట్లాడతారు, భోజనం బల్ల దగ్గర లెక్కలు కూడా చెప్తారు. పనిమనిషిగా ఎల్తే తెల్లారి నాలుగింటికి లేచి పేడ కడిగి అలిసిపోయి పడుకుంటావు, ఇంటావిడ బుకింగులు ఎలగ చూసుకుంటుందో, దుప్పట్లు ఎవరు ఉతుకుతారో, వంట ఎవరు చేస్తారో నీకు కనబడదు. నీకు కావలసింది అదే కదా.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడ గొర్రెలు ఈనతాయి, తల్లి పోయిన పిల్లలకి సీసాతో పాలు పడతారు. కాలం మనకి తిరగబడి ఉంటుంది, మన వానాకాలం వాళ్ళకి చలికాలం, స్వెట్టరు ఒకటి సరిపోదు. కుక్కలు రెండు రకాలు. ఒకటి హంటవే, అది మొరిగి మొరిగి మందని ముందుకి తోల్తుంది. రెండోది నోరెత్తదు, నేలకి వొంగి కళ్ళతో చూస్తూ మందని చుట్టి తెస్తుంది, దాన్ని హెడింగ్ డాగ్ అంటారు. కొండ ఇవతల నిలబడి ఆ ఇంటి రైతు ఈల వేస్తే అవతలున్న కుక్క ఎడమకి తిరిగింది, ఇంకో ఈలకి కూర్చుంది. ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

పలాస_జీడిపిక్క
మా ఇంట్లో కుక్క పిలిస్తే అన్నం గిన్నెవైపు ఎల్తాది 😀

సాలూరు_సంత
అసలు డబ్బివ్వకుండా రోజుకి ఆరు గంటలు పని చేయించుకోవడం వెట్టి కాదేటి? మా గిరిజన గ్రామాల్లో ఇలాంటి పని మీద ఎన్ని గొడవలు అయ్యాయి. విదేశం అయితే దానికి వాలంటీరు అని పేరు పెడతారా?

చీపురుపల్లి_రైల్వేగేటు
సంత గారూ అది వెట్టి కాదు, వూఫ్ అంటారు. 1971లో ఇంగ్లండులో సూ కాపర్డ్ అని లండన్‌లో సెక్రటరీగా పనిచేసే ఆవిడ మొదలెట్టింది. సిటీలో ఉండీవాళ్ళకి పల్లెటూరు చూసే దారి లేదు అని శని ఆదివారాలు సేంద్రియ పొలానికి ఎల్లి సాయం చేసి రావడం, అంతే. మొదట ససెక్స్‌లో ఒక కాలేజీ పొలంలో చేశారు. తరవాత చాలా దేశాలకి పాకింది. సభ్యత్వం కట్టాలి, రైతు గురించి ఇంతకుముందు ఉన్నవాళ్ళు రాసినవి చదువుకోవచ్చు, రోజుకి 4 నుంచి 6 గంటలు సాయం, బదులుగా తిండీ వసతీ.

సాలూరు_సంత
మొదలెట్టినావిడ మనసు మంచిదే అనుకుందాం. సేంద్రియ తోట చిన్న కుటుంబం నడిపీది అయితే సరే. పెద్ద ఎస్టేటు వాడు కూలీల బదులు వాలంటీర్లని పెట్టుకుంటే అక్కడి కూలీ పొట్ట కొట్టినట్టు కాదా?

నాగావళి_గట్టు
సంత అన్నది ఇక్కడా ఉన్న వాదనే. ఆస్ట్రేలియాలో దీనివల్లే రూలు మార్చారు. అక్కడ వర్కింగ్ హాలిడే మీద వచ్చినవాళ్ళు రెండో ఏడాది వీసా కావాలంటే పల్లె ప్రాంతంలో 88 రోజులు పని చెయ్యాలి, ముందు ఊరికే చేసిన పని కూడా లెక్కకొచ్చేది, రైతులు కొందరు దాన్ని అడ్డం పెట్టుకుని జీతాలు ఎగ్గొట్టారు. 2015 చివర్నించి జీతం ఇచ్చిన రుజువు ఉంటేనే లెక్క.

చీపురుపల్లి_రైల్వేగేటు
ఆస్ట్రేలియా మాట వచ్చింది కాబట్టి, ఉద్దానం_గుంటకి నిజంగా పని చేసి ఉండాలని ఉంటే అదే దారి. సబ్‌క్లాస్ 462 అని వర్క్ అండ్ హాలిడే వీసా, మన దేశానికి ఏడాదికి 1,000 మందికి, 2024లో మొదలైంది. వయసు 18 నుంచి 30. ముందు బ్యాలెట్ అంటే లాటరీలాంటిది, రిజిస్ట్రేషనుకి 25 ఆస్ట్రేలియా డాలర్లు, పేరు వస్తేనే అప్లికేషను. మా తమ్ముడు పెట్టాడు, రాలేదు. ఇంగ్లండుకి కూడా యంగ్ ప్రొఫెషనల్స్ అని 3,000 మందికి ఉంది, దానికీ బ్యాలెట్టే, డిగ్రీ ఉండాలి, అకౌంట్లో 2,530 పౌండ్లు చూపించాలి.

పలాస_జీడిపిక్క
బ్యాలెట్‌లో పేరు తెప్పిస్తాం అనీ ఏజెంటు కూడా ఒకడు బయల్దేరతాడు చూడండి.

చీపురుపల్లి_రైల్వేగేటు
బయల్దేరాడు బావు. తమ్ముడికి ఫోన్ కూడా చేశాడు. కంప్యూటర్ తీసే పేరు వాడెలగ తెప్పిస్తాడు?

గరివిడి_పశువైద్యం
ఇక్కడ ఎవరూ చెప్పని ముఖ్యమైన విషయం ఒకటుంది. న్యూజిలాండ్‌లో గాలికుంటు, అంటే పశువులకి నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పడే అంటురోగం, ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు. మన దగ్గర ఏటా టీకాలు వేస్తున్నాం అయినా ఉంది. ఇంగ్లండులో 2001లో వస్తే లక్షల పశువుల్ని చంపి కాల్చాల్సి వచ్చింది. అందుకే ఆ దేశంలో దిగేముందు ఆన్‌లైన్లో ట్రావెలర్ డిక్లరేషను నింపాలి, అందులో గత 30 రోజుల్లో పశువుల దగ్గరికి గానీ పశువుల ఫారాలకి గానీ ఎల్లారా అని ఉంటుంది. ఇంట్లో కుక్కా పిల్లీ లెక్కలోకి రావు. మీ ఇంట్లో గేదె ఉంటే అవును అని పెట్టాలి. అవును అంటే పంపించేయరు, చెప్పులూ బూట్లూ చూస్తారు, మట్టి ఉంటే కడిగిస్తారు, అంతే. కాదు అని పెట్టి బూటుకి పేడ దొరికితే మాత్రం గొడవ.

తిండి వస్తువులు ఏవున్నా డిక్లేర్ చెయ్యాలి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు జరిమానా. నెయ్యి, పాలకోవా, తేనె ఇంట్లోనే వదిలేసి ఎల్లండి. విత్తనాలు అసలొద్దు, మీరు విత్తనాల కంపెనీ అన్నారు, ఆఫీసు బ్యాగు అదే తీసుకెల్తే ముందు దులిపి జేబులన్నీ చూసుకోండి.

రాజాం_రోడ్డు
ఆవకాయ??

గరివిడి_పశువైద్యం
కంపెనీ సీలు, మీద ఏమేమి ఉన్నాయో రాసిన ప్యాకెట్ అయితే డిక్లేర్ చేసి చూపించండి, వాళ్ళు ఉంచితే ఉంచుతారు లేకపోతే తీసేస్తారు. చెప్పినందుకు జరిమానా ఉండదు.

రాజాం_రోడ్డు
సీలేసిన ఆవకాయ కూడా ఒక ఆవకాయేనా 😢

టెక్కలి_మేస్టారు
బొబ్బిలి_కోట గారూ, మీరు ఎల్లొచ్చారు కాబట్టి అడుగుతున్నాను. రాత్రి ఏదైనా అయితే ఏం చేస్తారు? పోలీసు ఎంత దూరం?

బొబ్బిలి_కోట
మంచి ప్రశ్న మేస్టారూ. అత్యవసరానికి అక్కడ 111, పోలీసు, అంబులెన్సు, ఫైరు అన్నిటికీ అదే. కానీ పల్లెల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, ఇంటి వైఫై మీదే బతకాలి, బస్సు ఉండదు, టాక్సీ ఊసే లేదు. అందుకే ఒంటరిగా ఎల్లే ఆడపిల్ల చూసుకోవలసింది ఒకటే, అక్కడి నుంచి నా ఇష్టం వచ్చినప్పుడు నేను బయటపడగలనా? నేను ఎంచుకున్న ఇల్లు టౌను నుంచి కార్లో పావుగంట. ముందు వీడియో కాల్ చేసి ఇంటావిడతో మాట్లాడాను, ఆయనతో కాదు. ఇంట్లో ఎవరెవరుంటారు, గది తలుపుకి లోపల గడియ ఉందా, పడుకునేది ఇంట్లోనా విడిగా షెడ్డులోనా, ఇంకెవరైనా పనివాళ్ళు ఉంటారా అన్నీ అడిగాను. నొచ్చుకునే మనిషైతే అక్కడికి ఎల్లకూడదు, ఆవిడ నొచ్చుకోలేదు, ఫోన్ పట్టుకుని గది మొత్తం తిప్పి చూపించింది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు రాసిన రివ్యూలు వెతికి చదివాను. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వను. ఇంకోచోట రెండు రాత్రులు ఉండడానికీ టౌను నుంచి టాక్సీ పిలిపించుకోవడానికీ సరిపడా డబ్బు ఎవరికీ చెప్పకుండా వేరే కార్డులో ఉంచుకున్నాను. గల్ఫ్‌లో మన కుర్రాళ్ళు ఇరుక్కున్నది ఎందుకు? పాస్‌పోర్టు చేతిలో లేదు, డబ్బు చేతిలో లేదు. ఆ రెండూ చేతిలో ఉంటే సగం భయం ఎగిరిపోద్ది.

టెక్కలి_మేస్టారు
మీరన్న గడియ మాట బాగుంది. ఆలోచిస్తాను.

నాగావళి_గట్టు
మేస్టారు అన్నట్టు ప్రమాదం ఉంది గానీ అది మనుషుల కన్నా బండ్ల వల్ల ఎక్కువ. నాలుగు చక్రాల క్వాడ్ బైకు ఉంటుంది, ఇక్కడ ఫారాల్లో చావులకి అది పెద్ద కారణం, ఏటవాలు మీద తిరగబడి మనిషి మీద పడుతుంది. సరదాగా నడుపు అంటే వద్దని చెప్పు, వెనక కూర్చోమన్నా వద్దు. కంచెలకి కరెంటు ఉంటుంది, అడక్కుండా తీగ ముట్టకు.

నీళ్ళ సంగతి ఒకటి. చాలా ఇళ్ళకి కుళాయి కనెక్షన్ ఉండదు, కప్పు మీద పడిన వాన నీళ్ళు ట్యాంకులో పట్టుకుని అవే వాడతారు. స్నానం అరగంట చేస్తే ఇంటోళ్ళ మొహం మారిపోద్ది.

ఉద్దానం_గుంట
నీళ్ళు చూసి వాడుకోవడం ఉద్దానం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు నాగావళి అన్నా. హిరమండలం రిజర్వాయరు నీళ్ళు పైపుల్లో వచ్చేదాకా మా ఊళ్ళో ప్రతి ఇంట్లో డబ్బా నీళ్ళ లెక్కే, కిడ్నీ జబ్బు భయంతో. రేపు మా దగ్గర అతిథి ఉండాలంటే మొదటి ప్రశ్న తాగేనీళ్ళు ఎక్కడివి అనే, అందుకే వాళ్ళ ట్యాంకు, ఫిల్టరు ఎలగ పెట్టుకుంటారో నాకు చూడాలని ఉంది.

గరివిడి చెప్పింది కొత్త విషయం, మా ఇంట్లో రెండు గేదెలు ఉన్నాయి, అవును అనే పెడతాను. ఏజెంటుకి రేపు ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. రెండు ప్రశ్నలు. మాంసం మాటేటి, నేను చేపా కోడీ తింటాను, గొడ్డుమాంసం తినను, పశువులు పెంచీవాళ్ళ ఇంట్లో అది చెప్తే బాగోదేమో. ఇంకా వీసాకి డబ్బు ఎంత చూపించాలి?

బొబ్బిలి_కోట
బుక్ చేసేటప్పుడే రాసీ. తినను అంటే ఎవరూ ఏమనుకోరు, వచ్చాక బల్ల మీద పెట్టాక చెప్తేనే ఆవిడకి ఇబ్బంది. నేను ఒకరోజు పప్పూ అన్నం వండి పెట్టాను, ముసలాయన మూడోసారి వడ్డించుకున్నాడు.

నాగావళి_గట్టు
నెలకి 1,000 న్యూజిలాండ్ డాలర్లు చూపించాలి, వసతికి ముందే కట్టేస్తే నెలకి 400. తిరుగు టికెట్ లేదా అది కొనడానికి డబ్బు. నీ ఉద్యోగం లెటరు, సెలవు లెటరు, తోట కాగితాలు అన్నీ పెట్టు, తిరిగి వచ్చే కారణం నీకు గట్టిగా ఉంది కదా. ఎందుకు వస్తున్నావో లెటర్లో ఇక్కడ రాసినట్టే రాయి, తిత్లీ దగ్గర్నుంచి. ఇంకోటి, విజిటర్ వీసాలో 3 నెలల లోపు కోర్సు ఏదైనా చదువుకోవచ్చు.

అతిథిగా ఉన్నప్పుడు సరదాగా ఒక పూట గొర్రెపిల్లకి పాలు పట్టడం వేరు, రోజూ నీకొక డ్యూటీ వేసి దానికి బదులు గది అద్దె తగ్గించడం వేరు. ఆ రెండోది ఎవరన్నా అడిగితే నవ్వుతూ కాదని చెప్పు.

గరివిడి_పశువైద్యం
పాలు పట్టినా చేతులు సబ్బుతో కడగాలి, కాళ్ళకీ చేతులకీ దెబ్బలుంటే కప్పుకోవాలి. ఆవుల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అంటుకుంటుంది, అక్కడ పాలు పితికేవాళ్ళకి వచ్చే జబ్బుల్లో అదొకటి.

రాజాం_రోడ్డు
వైజాగ్ నుంచి ఎలగ ఎల్లాలి? ఢిల్లీ మీదుగానా?

బొబ్బిలి_కోట
నేను వైజాగ్ నుంచి సింగపూర్, అక్కణ్ణించి నేరుగా ఆక్లాండ్, అది సుమారు 10 గంటలు. ఢిల్లీ ఎల్లడం అంటే వెనక్కి ఎల్లి ముందుకి రావడం.

ఉద్దానం_గుంట
అమ్మతో ఇవాళ మాట్లాడాను. ఇక్కడ మీరంతా రాసినవి చదివి వినిపించాను, మేస్టారు రాసినవి కూడా. అమ్మ అడిగింది ఒకటే, రోజూ ఫోన్ చేస్తావా, ఎన్నింటికి అని.

నాగావళి_గట్టు
మనకన్నా ఇక్కడ చలికాలంలో ఆరున్నర గంటలు, వేసవిలో ఏడున్నర గంటలు ముందు. నీకు రాత్రి ఎనిమిదింటికి భోజనం అయ్యాక చేస్తే అమ్మకి మధ్యాన్నం ఒంటిగంటన్నర, పని అయిపోయి కూర్చునే టైము. పితికేవాళ్ళు తెల్లారి నాలుగింటికి లేస్తారు, అప్పుడు శ్రీకాకుళంలో రాత్రి తొమ్మిదిన్నర, నేను మా అమ్మకి ఆ టైములోనే చేస్తాను, షెడ్డుకి నడుస్తూ.

పలాస_జీడిపిక్క
చెల్లీ ఎల్లేటప్పుడు మా జీడిపప్పు ప్యాకెట్ తీసుకెల్లు, సీలేసింది, డిక్లేర్ చేసి. వాళ్ళు ఉంచితే ఇంటావిడకి ఇయ్యి. పలాస అని చెప్పడం మర్చిపోకు.

టెక్కలి_మేస్టారు
అమ్మా, నా అభిప్రాయం పూర్తిగా మారిందని అనను. రెండు మూడు ఇళ్ళు కాకుండా ఒకే ఇంట్లో ఉండు, ఆ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు నాన్న దగ్గరా, వెల్లింగ్టన్‌లో మన హైకమిషన్ నంబరు నీ దగ్గరా కాగితం మీద రాసి ఉండాలి, ఫోన్లో కాదు. ఒక కోరిక కూడా ఉంది. గదికి ఎంత తీసుకుంటున్నారు, ఏడాదిలో ఎన్ని నెలలు అతిథులు వస్తారు, పన్ను ఎలగ కడతారు, పంచాయతీ లాంటి వాళ్ళ పర్మిషన్ ఏం కావాలి, ఇవన్నీ అడిగి రాసుకొచ్చి ఇక్కడ పెట్టు. సోంపేట దగ్గర మాకు ఎకరన్నర పనసా కొబ్బరీ ఉంది, పాత మండువా ఇల్లు ఖాళీగా ఉంది. పిల్లలు ఎవరూ అక్కడ ఉండరు.

ఉద్దానం_గుంట
రాస్తాను మేస్టారూ, తప్పకుండా. మీ ఇంటి ఫోటోలు ఉంటే పెట్టండి, ఆవిడకి చూపించి అడుగుతాను ఇలాంటి ఇంట్లో ఏం మార్చాలని. వీసా అప్లికేషను ఈ ఆదివారం నేనే కూర్చుని పెడతన్నాను, ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడుగుతాను.

బొబ్బిలి_కోట
ఆవిడని అడిగేలోపు నేను చెప్తాను మేస్టారూ, బాత్రూము. మండువా, పనస చెట్టు, అరిటాకులో భోజనం అన్నీ చూసి మురిసిపోతారు గానీ మళ్ళీ రావాలా వద్దా అన్నది బాత్రూము దగ్గరే తేల్తుంది. ఫోటోల్లో ముందు అదే పెట్టండి.